అత్తగారితో వేడినీళ్ల సత్రానికి

ప్రశ్న: మేం నవంబరు చివర్లో జపాన్ వెళ్తున్నాం. మా మరిది టోక్యోలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ నాలుగు రోజులు ఉండి, తర్వాత క్యోటోలో మూడు రోజులు. ఈ రెంటి మధ్య ఒకటో రెండో రాత్రులు వేడినీటి బుగ్గలున్న పాతకాలం సత్రంలో, అదే ర్యోకాన్‌లో, గడపాలని నా కోరిక. వెళ్లేది నేను, మా ఆయన, మా అత్తగారు. ఆవిడకి 68 ఏళ్లు. మోకాళ్ల నొప్పులున్నాయి, బీపీకి మాత్ర వేసుకుంటారు, చేప సంగతి అటుంచి గుడ్డు కూడా ముట్టరు. మేమిద్దరం అన్నీ తింటాం. అక్కడ బట్టల్లేకుండా అందరూ కలిసి స్నానం చేస్తారని విన్నప్పటి నుంచి నాకే టెన్షన్‌గా ఉంది, ఆవిడకి ఇంకా చెప్పనేలేదు. ఫోటోలు చూస్తే అన్నీ బాగున్నాయి, రేట్లు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. రాత్రికి ముగ్గురికీ కలిపి యాభై, అరవై వేల రూపాయల దాకా పెట్టగలం. హకోనేనా, కినోసాకినా, కుసాత్సునా? దేన్ని చూసి ఎంచుకోవాలి?
ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం:

ముందు అత్తగారికి విషయం చెప్పేయండి. అంత దూరం తీసుకెళ్లి, స్నానాల గది గుమ్మంలో నిలబెట్టి చెప్పే సంగతి కాదిది. పైగా మీరు విన్నదాంట్లో సగమే నిజం. బట్టల్లేకుండా దిగాలన్నది నిజమే. అందరూ కలిసి అన్నది మాత్రం కాదు. ఆడవాళ్లకు వేరు, మగవాళ్లకు వేరు. ఆడామగా కలిసి దిగే చోట్లు మారుమూల కొండల్లో కొన్ని మిగిలాయి గానీ, అలాంటివి కావాలని వెతుక్కుని వెళ్లాల్సిందే తప్ప పొరపాటున తగిలేవి కావు.

మీరు ఊళ్ల పేర్లు అడిగారు. ఊరు ఆఖర్న తేల్చుకుందాం. అంతకంటే ముందు తేలాల్సినవి రెండున్నాయి. అత్తగారు స్నానం ఎక్కడ చేస్తారు, రాత్రికి ఏం తింటారు. ఈ రెండూ కుదిరిన చోట మీ ఇద్దరికీ ఎలాగూ బాగుంటుంది. మీ ఇద్దరికీ నచ్చి ఆవిడకి కుదరని చోటికి వెళ్లారనుకోండి, అరవై వేలు పోసి ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చోవాలి.

రేట్ల సంగతి మొదట చెప్తాను, చాలామంది తడబడేది అక్కడే. ర్యోకాన్‌లో లెక్క గదికి కాదు, మనిషికి. ఆ డబ్బులో రాత్రి భోజనం, పొద్దుటి ఫలహారం కలిసే ఉంటాయి. సత్రం అన్నానని మన సత్రాలను తలుచుకోకండి. ఆ రాత్రి భోజనమే పది, పన్నెండు చిన్న చిన్న వంటకాలతో గంటన్నర సాగుతుంది, మీరు పెట్టే డబ్బులో పెద్ద వాటా దానిదే. మనిషికి 20 వేల నుంచి 35 వేల యెన్‌ల మధ్య మంచి ర్యోకాన్లు దొరుకుతాయి. ఈమధ్య యెన్ విలువ అర్ధరూపాయికి కాస్త పైన ఉంటోంది. 30 వేల చొప్పున ముగ్గురికీ 90 వేల యెన్‌లు, అంటే యాభై వేల రూపాయల పైమాట. మీ బడ్జెట్‌లో పడుతుంది. బుకింగ్ సైట్లలో కొన్ని మనిషి రేటు చూపిస్తాయి, కొన్ని మొత్తం చూపిస్తాయి. డబ్బు కట్టే ముందు ఏది ఏదో చూసుకోండి. వేడినీటి స్నానానికి పన్ను అని మనిషికి రాత్రికి సాధారణంగా 150 యెన్‌లు విడిగా తీసుకుంటారు, చిన్న మొత్తమే. చిన్న ర్యోకాన్లలో కొన్నింటికి కార్డు పనికిరాదు కాబట్టి కాస్త నగదు దగ్గరుంచుకోండి.

శనివారం రాత్రి వద్దు. అదే గది, అదే భోజనం, రేటు మాత్రం ఒక మెట్టు పైకెక్కుతుంది. మీరు వెళ్లే నెలలో 23వ తేదీ వాళ్లకు జాతీయ సెలవు, ఆకులు ఎర్రబడే కాలం కూడా. ఆ సెలవుకి ముందు రాత్రి, ఆ వారాంతం వదిలేసి సోమవారం నుంచి గురువారం లోపు ఏదో ఒకటి చూసుకోండి.

ఒక రాత్రా, రెండా? మీ ప్రయాణానికి ఒకటి చాలు, కానీ పూర్తిగా ఉండాలి. ర్యోకాన్ అంటే తిరిగొచ్చి పడుకునే చోటు కాదు. మధ్యాహ్నం 3 గంటలకు గది ఇస్తారు, మర్నాడు పొద్దున 10 గంటలకు ఖాళీ చేయాలి. ఆ పంతొమ్మిది గంటలే మీరు కొనుక్కుంటున్నది. మూడింటికి చేరి టీ తాగి, ఒక స్నానం చేసి, ఆరింటికో ఆరున్నరకో భోజనం చేసి, కాసేపాగి మళ్లీ ఒక స్నానం, పొద్దున లేచాక ఇంకొకటి. ఇదీ అక్కడి దినచర్య. చాలామంది మనవాళ్లు పొద్దంతా ఊరు తిరిగి, చీకటి పడ్డాక చేరతారు. మొదటిసారి నేనూ అదే చేశాను. ఒక బస్సు తప్పి, ఏడున్నరకి చేరేసరికి వంటింట్లో పొయ్యి ఆర్పేశారు. తప్పు వాళ్లది కాదు, ఆరులోపు రావాలని ముందే రాశారు, నేను చదవలేదు. ఆ రాత్రి డబ్బు కట్టిన భోజనం పోగొట్టుకుని, వాళ్లిచ్చిన యుకాతా అనే పల్చటి నూలు అంగీ కట్టుకుని, కప్పు నూడుల్స్ తిన్నాను.

ఇక స్నానం. మీ టెన్షన్ అంతా దీని గురించే కదా, కాస్త వివరంగా చెప్తాను.

బదరీనాథ్ తప్తకుండంలో మనవాళ్లు మునిగేది పాపాలు కడుక్కోవడానికి. జపాన్‌లో ఒళ్లు ముందే కడుక్కుని ఆ తర్వాత నీళ్లలో దిగుతారు. తొట్టి పక్కనే వరసగా కుళాయిలు, షవర్లు, చిన్న పీటలు ఉంటాయి. అక్కడ కూర్చుని సబ్బుతో శుభ్రంగా రుద్దుకుని, నురగ ఒక్క చుక్క మిగలకుండా కడిగేసుకుని అప్పుడు దిగాలి. తలకి కొబ్బరినూనె రాసుకుని ఉంటే ఆ రోజు తలంటుకోవాల్సిందే, ఎందుకంటే ఆ నీళ్లు అందరివీను. జుట్టు నీళ్లలో పడకుండా ముడేసుకోవాలి. చేతిలో ఒక చిన్న తువ్వాలు ఉంటుంది, నడిచేటప్పుడు దాంతో కాస్త కప్పుకోవచ్చు గానీ, దాన్ని నీళ్లలో ముంచకూడదు. జపాన్ వాళ్లు మడిచి నెత్తిమీద పెట్టుకుంటారు. ఈత దుస్తులతో దిగుతానంటే ఒప్పుకోరు.

చూస్తారేమో అన్న బెంగ మొదటి ఐదు నిమిషాలే. ఎవరూ చూడరు. ఆవిరిలో ఎవరి ధ్యాస వాళ్లది. మీకు ఇది అలవాటైపోతుందని నా నమ్మకం. అత్తగారి గురించి ఆ మాట అనలేను, ఆవిడని బలవంతపెట్టే హక్కు కూడా మనకు లేదు. అందుకే మీరు వెతికేటప్పుడు ఒక మాట గుర్తుపెట్టుకోండి: కాషికిరి. అంటే మీ కుటుంబానికే ఓ ముప్పావుగంట సేపు తాళం వేసి ఇచ్చే స్నానాల గది. కొన్ని ర్యోకాన్లలో ఊరికే ఇస్తారు, కొన్నింట్లో రెండు మూడు వేల యెన్‌లు తీసుకుంటారు. మీరూ అత్తగారూ ఒక విడత, మీరూ మీ ఆయనా ఒక విడత వెళ్లొచ్చు. లేదా ఆవిడ ఒక్కరే వెళ్లి, మీరు తలుపు బయట కూర్చోవచ్చు. ఒకవేళ ఆ తేదీల్లో మీకు నెలసరి వచ్చినా పెద్ద తొట్టిలో దిగకూడదు కనుక, అప్పుడు కూడా ఉపయోగపడేది ఇదే.

ఇంతకంటే సుఖం గదిలోనే, వరండాలో, ఆరుబయట తొట్టి ఉండటం. వాళ్లు దాన్ని రోతెంబురో ఉన్న గది అంటారు. రాత్రి పదకొండింటికి దిగినా, తెల్లవారుజామున దిగినా అడిగేవాళ్లుండరు. రేటు మాత్రం మనిషికి 35 వేల యెన్‌లు దాటుతుంది, మీ లెక్క కాస్త తప్పుతుంది. నా సలహా: కాషికిరి ఉన్న ర్యోకాన్ చాలు. మిగిలిన డబ్బు కింద చెప్పబోయే మంచాల గదికి పెట్టండి.

అత్తగారి చేతిమీద పచ్చబొట్టు ఉందా? ఆ తరంలో చాలామందికి ఉంటుంది కాబట్టి అడుగుతున్నాను. జపాన్‌లో ఒంటిమీద పచ్చబొట్టు అంటే గూండా ముఠాల గుర్తు అన్న పాత భయం ఇంకా పోలేదు. అందుకే చాలా చోట్ల పెద్ద తొట్టిలోకి రానివ్వరు. అరవై ఎనిమిదేళ్ల ఆవిడ ముంజేతిమీద ఉన్న చుక్కలను చూసి ఎవరైనా ఆ మాట అంటారా అంటే, అనకపోవచ్చు. కానీ అన్నారంటే ఆవిడకి అది ఎంత చిన్నతనం! చిన్నదైతే ఒంటిరంగు అతుకు అంటించి కప్పేయొచ్చు. సొంత తొట్టి అయితే అసలు ఈ చర్చే రాదు.

ఇంకొకటి, మెట్టెలు, పట్టీలు. గంధకం ఉన్న నీళ్లలో వెండి చూస్తుండగానే నల్లబడుతుంది. హకోనేలో, కుసాత్సులో అలాంటి నీళ్లున్నాయి. దిగే ముందు తీసేయడం మంచిది. తీయడం ఇష్టం లేకపోతే గంధకం లేని, రంగు లేని నీళ్లున్న ర్యోకాన్ చూసుకోండి. నీళ్లు ఏ రకమో ప్రతి ర్యోకాన్ వాళ్ల పేజీలోనే రాసి ఉంటుంది.

బీపీ ఉందన్నారు, బయల్దేరే ముందు డాక్టర్‌ని ఒక మాట అడగండి. నీళ్లు మామూలుగా 40 నుంచి 42 డిగ్రీలుంటాయి. మన వేణ్ణీళ్ల స్నానం అలవాటున్నా, మెడదాకా మునిగి కూర్చోవడం వేరు. మొదటిసారి ఐదు నిమిషాలు చాలు. దిగే ముందు చెంబుతో కాళ్లమీద, తర్వాత ఒంటిమీద పోసుకుని, మెల్లగా దిగాలి, మెల్లగా లేవాలి. భోజనం చేసిన వెంటనే వద్దు. మీ ఆయన సాకే, అదే బియ్యంతో చేసే మద్యం, తాగితే ఆయనా వద్దు. నవంబరు చివర హకోనే కొండల్లో బాగా చలి. బట్టలు మార్చుకునే గదికీ నీళ్లకీ ఉన్న తేడాకే పెద్దవాళ్లకు కళ్లు తిరుగుతాయి. ఆవిడని ఒంటరిగా వదలొద్దు, కాషికిరిలో ఒక్కరే దిగినా మీరు తలుపు బయటే ఉండండి.

బుగ్గ నీళ్ల స్వచ్ఛత గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి రెండు ముక్కలు. 1948 నాటి చట్టం ప్రకారం భూమిలోంచి వచ్చేటప్పుడు 25 డిగ్రీల వేడి ఉన్నా, జాబితాలోని 19 పదార్థాల్లో ఒక్కటి తగినంత ఉన్నా దాన్ని ఒన్సెన్, అంటే వేడినీటి బుగ్గ, అనొచ్చు. అంటే చల్లగా వచ్చిన నీళ్లను కాచి పోసినా అది ఒన్సెనే. 2004లో నాగనో ప్రాంతంలోని షిరాహోనేలో, పాలలా తెల్లగా కనబడటానికి నీళ్లలో పొడి కలుపుతున్నారని బయటపడి దేశమంతా గొడవైంది. ఆ తర్వాత 2005 నుంచి మామూలు నీళ్లు కలుపుతున్నారా, కాస్తున్నారా, అవే నీళ్లు వడకట్టి తిప్పుతున్నారా, క్లోరిన్ లాంటిది వేస్తున్నారా అన్నది రాసిపెట్టాలని నిబంధన వచ్చింది. బుగ్గనుంచి వచ్చిన నీళ్లు వచ్చినట్టే తొట్టి నిండి పొర్లిపోయేదాన్ని గెన్సెన్ కాకెనగాషి అంటారు. ఆ మాట కనబడితే మంచిదే. లేకపోయినా మీరు బాధపడాల్సిందేమీ లేదు. మీ మొదటిసారికి నీళ్ల శాస్త్రం కంటే కాషికిరి ముఖ్యం.

భోజనం దగ్గరే అసలు చిక్కు. జపాన్‌లో వెజిటేరియన్ అనే మాటకి మనం అనుకునే అర్థం లేదు. మాంసం లేదు కదా అని చేపముక్క పెట్టేవాళ్లున్నారు. చేప కూడా వద్దంటే కనబడే చేప తీసేస్తారు, కనబడనిది ఉంటుంది. దాని పేరు దాషి. ఎండిన చేప తురుము కాచి తీసిన కట్టు అది. మన పులుసుకి చింతపండు ఎలాగో వాళ్ల వంటకి అది అలాగ. సూపులో ఉంటుంది, ఉడికించిన వంకాయలో ఉంటుంది, ముంచుకునే సాసులో ఉంటుంది. కొంబు అనే సముద్రపు నాచుతోనో, ఎండు పుట్టగొడుగులతోనో కూడా దాషి తీస్తారు. అది అత్తగారికి పనికొస్తుంది. కానీ ఒక్క మనిషి కోసం అన్ని గిన్నెల్లో దాషి మార్చడం అంటే వేరే వంట వండినట్టే. అందుకే చాలా ర్యోకాన్లు మర్యాదగా కుదరదంటాయి.

కాబట్టి బుక్ చేసే ముందే రాయండి, చేశాక కాదు. శాకాహారి అని ఒక్క మాట రాసి వదలకండి. ముగ్గురిలో ఒకరు చేప, రొయ్య, పీత లాంటివి, మాంసం, గుడ్డు తినరని, చేపతో తీసిన దాషి, జెలటిన్ కూడా పనికిరావని, పాలు, పెరుగు పర్వాలేదని విడివిడిగా రాయండి. కొంబుతో చేసిన దాషి అయితే సరే అని కూడా రాయండి, వాళ్లకు దారి దొరుకుతుంది. మీ మరిది జపనీస్‌లో ఫోన్ చేసి మాట్లాడగలిగితే ఇంకా మంచిది. చేయగలం అని చెప్పిన ర్యోకాన్ దొరికితే, గది కాస్త చిన్నదైనా దాన్నే పట్టుకోండి. కుదరదంటే నమ్మండి, బతిమాలకండి. మొహమాటపెడితే సరేనంటారు గానీ, ఆ రాత్రి ఆవిడ ముందుకి ఏమొస్తుందో చెప్పలేం. సరుకు ముందే తెప్పిస్తారు కనుక చివరి రోజుల్లో తిండి మార్పులు చెప్పినా, రద్దు చేసుకున్నా ఇబ్బందే. రద్దుకి ఎన్ని రోజుల ముందు దాకా డబ్బు పోదో అదీ చూసుకోండి.

ఎవరూ ఒప్పుకోకపోతే రెండో దారి ఉంది. భోజనం లేకుండా, లేదా పొద్దుటి ఫలహారం ఒక్కటే కలిపి గది ఇచ్చే పథకాలు చాలాచోట్ల ఉంటాయి, రేటు బాగా తగ్గుతుంది. అత్తగారి ఒక్కరికే భోజనం తీసేసి, మీ ఇద్దరికీ ఉంచమని అడిగి చూడొచ్చు, కొందరు ఒప్పుకుంటారు. తెల్లన్నం, పెరుగు దొరకని ఊరు జపాన్‌లో లేదు. కన్వీనియన్స్ స్టోర్‌లో తీపి లేని పెరుగు కొనుక్కుని, మీ పెట్టెలో కందిపొడి డబ్బా పెట్టుకుంటే ఆవిడ భోజనం అయిపోయినట్టే. ఉమెబోషి అని వాళ్ల ఊరగాయ ఒకటుంది, ఉప్పు, పులుపు బాగా తగులుతుంది. నాకు తెలిసిన మన పెద్దవాళ్లకు జపాన్‌లో మొదట నచ్చింది అదే. సొంత తిండి భోజనశాలలో తెరవకండి, గదిలో తినండి. గోంగూర సీసా మాత్రం వద్దు. ఆ గడ్డి చాపలకి వాసన పట్టిందంటే మీరు వెళ్లిన వారానికి కూడా పోదు.

మోకాళ్లు. ఫోటోల్లో కనబడే అందమైన గది అంటే నేలమీద చాపలు, మోకాలెత్తు కూడా లేని బల్ల, పడుకోవడానికి నేలమీద పరుపు. ఈ పరుపులు మీరు భోజనానికి వెళ్లినప్పుడు వాళ్లే వచ్చి పరుస్తారు, చూడ్డానికి ముచ్చటే. కానీ రాత్రి రెండింటికి బాత్రూంకి లేవాల్సిన అత్తగారికి నేలమీంచి లేవడం ఎంత కష్టమో మీకు తెలుసు. వాషిత్సు అంటే పూర్తి చాపల గది, వాయోషిత్సు అంటే సగం చాపలు, సగం మంచాలు. మీకు కావలసింది రెండోది. రెండు మంచాలుంటే ఒకటి ఆవిడకి. మీ ఇద్దరిలో ఒకరు మంచంమీద, ఒకరు కింద పరుపుమీద. కిందిది మీ ఆయనకివ్వండి. గది కొలత చాపల లెక్కలో చెప్తారు. ఒక చాప అంటే చదరపు మీటరున్నర కంటే కాస్త ఎక్కువ. ముగ్గురు పెట్టెలతో సహా మసలాలంటే పది చాపలైనా ఉండాలి.

ఇంకా అడగాల్సినవి: లిఫ్టు ఉందా, గదిలోనే టాయిలెట్ ఉందా, భోజనం కుర్చీ బల్లమీదేనా, కాషికిరి తొట్టికి పట్టుకునే కమ్మీ ఉందా, స్నానాల దగ్గర ఎత్తు పీట ఇవ్వగలరా. ఈ ఆఖరిది ఎవరికీ తట్టదు. ఒళ్లు రుద్దుకునే చోట ఉండే పీటలు మన రోటి దగ్గర పీటలంత ఎత్తే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూర్చుంటే లేవలేరు. పాతకాలం కట్టడం మీద మోజుతో ఈ ప్రశ్నలు దాటేయకండి. పేరు పాతదైనంత మాత్రాన భవనం పాతది కానక్కర్లేదు కూడా. యమనాషిలో 705లో మొదలై ప్రపంచంలోకెల్లా పాత హోటల్‌గా గిన్నిస్‌కెక్కిన కేయున్‌కాన్ ఉంది. మీరు వెళ్లి చూసేది మాత్రం కొత్త భవనమే.

ఇప్పుడు ఊళ్లు. కుసాత్సు తీసేయండి. గొప్ప ఊరు, నడిబొడ్డున చెక్క తొట్ల మీదుగా పారే వేడినీళ్లు చూసి తీరాల్సిందే. కానీ అది టోక్యోకి ఉత్తరాన కొండల్లో ఉంది, మీరు వెళ్లాల్సింది పడమటికి. పైగా ఆ నీళ్లు నిమ్మరసమంత ఆమ్లం.

కినోసాకి నాకు చాలా ఇష్టమైన ఊరు. ఏడు పెద్ద స్నానశాలలకి పేరుపడింది. ర్యోకాన్‌లో దిగినవాళ్లు యుకాతా కట్టుకుని, చెక్క చెప్పులు టకటకలాడించుకుంటూ ఒక దాన్నుంచి ఇంకో దానికి ఊరికే వెళ్లొచ్చు. పచ్చబొట్లున్నా వాటిల్లోకి రానిస్తారు. మీరిద్దరే అయితే అక్కడికే పంపేదాన్ని. కానీ ఆ ఊరి ఆనందమంతా నడవడంలో ఉంది, ఆ చెక్క చెప్పులతో ఆవిడ నడవలేరు. అదీగాక నవంబరు మొదటి వారంలో అక్కడ పీతల కాలం మొదలవుతుంది. మార్చి దాకా ప్రతి ర్యోకాన్‌లో పీతలే పీతలు, రేట్లు కూడా పీతలవే. ముట్టని మనిషికి ఆ డబ్బు ఎందుకు కట్టడం?

హకోనే మీ దారిలోనే ఉంది. టోక్యోలోని షింజుకు స్టేషన్ నుంచి రొమాన్స్‌కార్ అనే రైలెక్కితే గంటన్నర లోపు హకోనే యుమోతోలో దిగుతారు, మారే పనిలేదు. మర్నాడు ఒదవారాకి దిగి అక్కణ్నుంచి బుల్లెట్ రైలు షింకాన్‌సెన్‌లో క్యోటో. ఒదవారాలో అన్ని రైళ్లూ ఆగవు, హికారి అనే వేగం రైళ్లలో కొన్ని మాత్రమే ఆగుతాయి, వేళ ముందే చూసుకోండి. హకోనే మీద నాకున్న ఫిర్యాదు జనం. టోక్యో అంతా అక్కడే ఉందా అనిపిస్తుంది. కానీ మూడింటికి లోపలికి వెళ్లిపోతే జనం బయట ఉంటారు.

అందులోనూ యుమోతో, లేదా ఆ దగ్గర్లోని తోనోసావా చూడండి. పైకి గోరా దాకా కొండరైలు వెళ్తుంది, మూడుచోట్ల ముందుకీ వెనక్కీ దిక్కు మార్చుకుంటూ ఎక్కుతుంది, సరదాగా ఉంటుంది. గోరా ప్రాంతంలో కొన్నిచోట్ల ఒవాకుదాని అనే అగ్నిపర్వత లోయ నుంచి వచ్చే తెల్లటి గంధకపు నీళ్లు ఉంటాయి. కానీ స్టేషన్ నుంచి వాలు దారులు, మెట్లు ఎక్కువ. యుమోతోలో నీళ్లు తేటగా ఉంటాయి, మెట్టెలకి ఇబ్బంది లేదు, స్టేషన్ పక్కనే దుకాణాలున్నాయి, పెరుగు కూడా అక్కడే. చాలా ర్యోకాన్లు స్టేషన్ నుంచి బండి నడుపుతాయి, అది ఉన్నదే ఎంచుకోండి. ఒవాకుదానిలో బుగ్గల్లో ఉడికించిన నల్ల గుడ్లు అమ్ముతారు, ఒకటి తింటే ఏడేళ్ల ఆయుష్షట. అత్తగారికి ఆ లాభం లేదు, మీరు తినండి.

మీరు రాయని ఒక చోటు కూడా చెప్పాలి, అత్తగారి భోజనాన్ని బట్టి. కోయాసాన్. 816లో కూకాయ్ అనే సన్యాసి స్థాపించిన బౌద్ధ క్షేత్రం. అక్కడ యాభై దాకా ఆలయాలు యాత్రికులకు బస ఇస్తాయి. షోజిన్ అనే వాళ్ల బౌద్ధ శాకాహార వంటలో చేప లేదు, గుడ్డు లేదు, ఉల్లి, వెల్లుల్లి కూడా లేవు. జపాన్‌లో ఆవిడ ఏమీ అడక్కుండా తినగలిగే భోజనం అది. మరి ఎందుకు ముందే చెప్పలేదంటే, చాలాచోట్ల నేలమీదే కూర్చోవాలి, నేలమీదే పడుకోవాలి, స్నానం అందరిదీ, వేడినీటి బుగ్గ ఉండటం అరుదు, నవంబరు చివర ఆ ఎత్తులో ఎముకలు కొరికే చలి. ఒసాకా వైపు నుంచి కేబుల్ కార్‌తో సహా రెండు గంటల పైనే ప్రయాణం. హకోనేలో ఎవరూ భోజనానికి ఒప్పుకోకపోతే, ఆవిడకి బుగ్గ కంటే భోజనం, గుడి ముఖ్యమైతే, అప్పుడు ఆలోచించండి. ఆవిడనే అడగండి.

పెద్ద పెట్టెలు హకోనేకి మోయకండి. టోక్యో హోటల్లో పొద్దున అప్పజెప్పి క్యోటో హోటల్‌కి పంపమంటే మామూలుగా మర్నాటికి చేరుస్తారు. ఒక చిన్న సంచిలో మందులు, లోదుస్తులు, కందిపొడి చాలు. యుకాతా, తువ్వాళ్లు, సబ్బు వాళ్లే ఇస్తారు. యుకాతా కట్టేటప్పుడు ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైన వేసేది పోయినవాళ్లకి. ఇది ఆవిడకి ముందే చెప్పండి, అక్కడ ఎవరో పరుగెత్తుకొచ్చి సరిచేస్తే కంగారుపడతారు. చక్రాల సంచిని చాపలమీద లాగకండి. చాపలమీదకి స్లిప్పర్లతో వెళ్లకండి. టాయిలెట్‌కి వేరే స్లిప్పర్లుంటాయి, వాటితో బయటికి రాకండి. టిప్పు ఇవ్వనక్కర్లేదు.

ఇక పొద్దున సంగతి. మన పెద్దవాళ్లు ఎలాగూ నాలుగున్నరకే లేస్తారు. మీకు అప్పటికే కాస్త ధైర్యం వస్తే, పెద్ద స్నానాల గదికి వెళ్లడానికి అదే మంచి వేళ. చాలాచోట్ల ఐదింటికో ఆరింటికో తెరుస్తారు, ఒక్కోసారి మీరిద్దరే ఉంటారు. అయితే ఒకటి. ఆడవాళ్ల గుమ్మానికి ఎర్ర తెర, మగవాళ్ల గుమ్మానికి నీలం తెర వేలాడుతుంటాయి. రెండు గదుల్లోని తొట్లూ అందరూ చూడాలని చాలా ర్యోకాన్లు రాత్రికి రాత్రి ఆ తెరలు తారుమారు చేస్తాయి. నిన్న సాయంత్రం వెళ్లిన గుమ్మమే కదా అని నిద్రమత్తులో దూరిపోకండి. తెర రంగు చూసుకుని, అత్తగారి చెయ్యి పట్టుకుని వెళ్లండి. మీ ఆయనకి కూడా ఈ మాట రాత్రే చెప్పి పడుకోండి.